అందరూ ఏఐలో చేరుతుంటే మావాడు సీరియలైజేషన్ అంటున్నాడు, ఏం చేయాలి?

ప్రశ్న: మా అబ్బాయి ఈసీఈ మూడో ఏడాది. రోబోల్లో మెసేజ్‌లు ప్యాక్ చేసి పంపే సీరియలైజేషన్ నేర్చుకుంటానని పట్టుబట్టాడు. మా తోడల్లుడి కొడుకు ఏఐ కోర్సులో చేరాడు. మావాడు వెనకబడతాడేమోనని బెంగగా ఉంది. రెండింటిలో ఏది మంచిది?
– ఒక తండ్రి, కాకినాడ

జవాబు: నొచ్చుకోకండి. తోడల్లుడి కొడుకు ఏం చదువుతున్నాడో రాశారు గానీ, మీవాడికి దేంట్లో చెయ్యి తిరిగిందో ఒక్క మాటా రాయలేదు. ఈ పోలిక ఇంట్లో రోజూ వినపడుతుంటే ఏ కోర్సులో చేర్పించినా మనసు నిలవదు. ముందు అది మానండి.

మీవాడు పట్టుకున్నది చిన్న పని కాదు. 640×480 కెమెరా తీసే ఒక్క రంగుల ఫ్రేమ్ 9,21,600 బైట్లు. సెకనుకు 30 ఫ్రేములంటే 27 ఎంబీ పైమాటే. దాన్నే జేసన్‌లో, అంటే డేటాను అక్షరాలుగా రాసే పద్ధతిలో, అంకెలుగా రాస్తే ఒక్కో బైటుకు కామాతో కలిపి నాలుగు అక్షరాల దాకా పడతాయి. బైట్లను ఉన్నవున్నట్టు బైనరీలో పంపినా వైఫై మీద ఒక్కో ఫ్రేమ్ 600కు పైగా ముక్కలవుతుంది. పోయినదాన్ని మళ్లీ పంపని బెస్ట్ ఎఫర్ట్ సెట్టింగ్‌లో ఒక్క ముక్క రాకపోయినా ఆ ఫ్రేమ్ పోయినట్టే. మిగిలిన ముక్కల్ని లైనక్స్ మామూలుగా 30 సెకన్లు అట్టే పెడుతుంది. ఆ జాగా నిండితే కొత్త మెసేజ్‌లూ ఆగిపోతాయి. ఆ గడువును 3 సెకన్లకు తగ్గించాలని తెలిసినవాడు లేకపోతే, ఏఐ మోడల్‌కు చూడ్డానికి బొమ్మే అందదు.

కొద్ది వారాల్లో ముగిసే ఏఐ కోర్సుల మీద నాకు గట్టి అనుమానాలే ఉన్నాయి. ఎవరో చేసిన మోడల్‌ను, ఎవరో శుభ్రం చేసిన డేటా మీద నడిపించి సర్టిఫికెట్ చేతిలో పెడతారు. ఫ్రేములు ఆలస్యంగా వస్తున్నాయి, ఎక్కడ వెతుకుతావని ఇంటర్వ్యూలో అడిగితే నోరు పెగలదు. లెక్కలంటే ప్రాణమిచ్చే పిల్లలకు ఏఐ మంచిదే. రోబోటిక్స్‌లో ఖాళీలు తక్కువన్నదీ నిజమే. అయినా సీ ప్లస్ ప్లస్, మెమరీ, నెట్‌వర్క్ మీద పట్టు వస్తే కార్లు, డ్రోన్లు, టెలికాం ఎక్కడైనా అక్కరకొస్తుంది. భయపడకండి.

మీవాడికి ఇది చదివి వినిపించండి. రోబోల సాఫ్ట్‌వేర్ రాస్ 2లో యూఇంట్8 (ఒక బైటు అంకె), దాని వెనకే ఫ్లోట్64 (8 బైట్ల దశాంశ సంఖ్య) ఉన్న మెసేజ్ రాసి, దాన్ని ప్యాక్ చేసే సీడీఆర్ పద్ధతి మధ్యలో 7 ఖాళీ బైట్లు ఎందుకు పెట్టిందో చెప్పగలగాలి. గూగుల్ వాళ్ల ప్యాకింగ్ పద్ధతి ప్రోటోబఫ్‌లో మైనస్ 1 విలువ ఇంట్32 రకం అయితే 10 బైట్లు, ఎస్ఇంట్32 రకం అయితే ఒకటే. ఒకే మెసేజ్‌ను 10,000 సార్లు ప్యాక్ చేసి, పట్టిన సమయాల సగటుతో సరిపెట్టకుండా అన్నిటికన్నా నెమ్మదైన 100 చూడాలి; రోబో తడబడేది అక్కడే. కాపీ లేకుండా పంపే లోన్డ్ మెసేజ్‌లు ఆ తర్వాత. వాటిలో ఒక్క స్ట్రింగ్ (అక్షరాల వరస) ఉన్నా కుదరదు. ఈ కొలతలన్నీ గిట్‌హబ్‌లో పెట్టమనండి.

కోర్సుకని తీసిపెట్టిన డబ్బులో కొంతతో ల్యాప్‌టాప్‌కు 16 జీబీ ర్యామ్ వేయించి, ఉబుంటు పెట్టుకోనివ్వండి.