పెద్ద జాతి కుక్కపిల్ల ఇంట్లో పెరుగుతుంటే: ఆరేళ్ళ పాప, పెద్దావిడ ఉన్న ఇంటి అనుభవం

ఆరేళ్ళ పాప, మోకాళ్ళ నొప్పులున్న అత్తగారు ఉన్న ఇంటికి గ్రేట్ డేన్ పిల్లను తెచ్చుకోవచ్చా, మొదటి ఏడాది ఎలా గడుస్తుంది అని మీరు అడిగారు. మా ఇంట్లోనూ దాదాపు ఇదే పరిస్థితి. మా మగ డేన్ వచ్చిన నాటికి మా అమ్మాయికి ఆరో ఏడు నడుస్తోంది, మా అత్తగారికి డెబ్బై దాటాయి. ఇప్పుడు వాడికి నాలుగేళ్ళు, బరువు 64 కిలోలు. తెచ్చుకోవచ్చనే నేను చెబుతాను. అయితే ఈ జాతుల్లో ఒళ్ళు పెరిగినంత వేగంగా బుద్ధి పెరగదన్న సంగతి ముందే మనసులో పెట్టుకోవాలి. ఆరు నెలలకే పెద్ద కుక్కలా కనిపించే ఆ శరీరంలో ఉండేది ఇంకా పసితనమే. మేము పడిన ఇబ్బందుల్లో చాలా మటుకు ఈ తేడాను మరిచిపోవడం వల్ల వచ్చినవే.

ఎనిమిది వారాల వయసులో వచ్చినప్పుడు వాడు 9 కిలోలు ఉండేవాడు. ఎవరు గుమ్మంలోకి వచ్చినా ముందు కాళ్ళు వాళ్ళ మోకాళ్ళ మీద ఆనించి ముఖంలోకి చూసేవాడు, మా వారు వెంటనే ఎత్తుకుని ముద్దు చేసేవారు. అలవాటు చేయవద్దని నేను అన్నాను గాని గట్టిగా అనలేదు, ఎందుకంటే నాకూ అది ముచ్చటగానే ఉండేది. అయిదో నెలలో 30 కిలోలు దాటాక, ఒక సాయంత్రం మా అత్తగారు గదిలోంచి బయటికి వస్తుంటే వాడు అదే మర్యాద ఆవిడకూ చేశాడు. ఆవిడ వెనక్కి తూలి, అదృష్టం బాగుండి కుర్చీలోనే పడ్డారు గాని, మణికట్టు బెణికి మూడు వారాలు కట్టుతో ఉన్నారు. వాడిని కోప్పడబోతున్న మా వారితో, “మూడు నెలలు మీరే నేర్పారు, ఇప్పుడు తిడితే వాడికేం అర్థమవుతుంది?” అన్నది కూడా ఆవిడే.

ఆ రోజు నుంచి, నాలుగు కాళ్ళూ నేల మీద ఉంటేనే ఎవరైనా వాడిని పలకరించాలని, పైకి లేస్తే మాట్లాడకుండా అటు తిరిగిపోవాలని ఇంట్లో నియమం పెట్టుకున్నాం. మూడు నెలల్లో అంటిన అలవాటును మాన్పించడానికి దాదాపు మరో మూడు నెలలు పట్టింది. మా మరిది వచ్చినప్పుడల్లా “ఏం కాదులే వదినా” అంటూ వాడిని భుజాల దాకా ఎగరనిచ్చేవాడు, పదిసార్లలో ఒకసారి ఫలించినా చాలు, కుక్క మిగతా తొమ్మిదిసార్లూ ఆశతో ప్రయత్నిస్తూనే ఉంటుంది. కాబట్టి పిల్ల ఏ పని చేసినా, ఇదే పని 60 కిలోల కుక్క చేస్తే ఒప్పుకుంటామా అని ఆలోచించుకుని, మొదటి రోజే నిర్ణయించుకోండి.

పాప విషయానికి వస్తే, కొరకడం గురించి మీరు ముందే సిద్ధపడాలి. కుక్కపిల్లకు 28 పాలపళ్ళుంటాయి, అవి సూదుల్లా ఉంటాయి. నాలుగో నెల ప్రాంతంలో ఊడడం మొదలై, ఆరేడు నెలలకు 42 శాశ్వత దంతాలు వస్తాయి. అప్పటి దాకా వాడికి కుర్చీ కాలూ, మన చేయీ ఒకటే. మా అమ్మాయి చేతుల మీద గీతలు లేని రోజు ఉండేది కాదు, ఆమె అరుస్తూ పరుగెత్తే కొద్దీ వాడికి అది ఆటగా తోచి మరింత వెంటబడేవాడు. పరుగెత్తకుండా, చేతులు గుండెలకు ముడుచుకుని, నేల చూస్తూ చెట్టులా నిలబడమని నేర్పిన తరువాతే అది తగ్గింది. అప్పటికి ఆమెకూ పాలపళ్ళు ఊడుతున్నాయి. చాప మీద దొరికిన వాడి కోర పన్ను ఒకటి, ఆమె ముందు పన్ను ఒకటి ఇప్పటికీ ఒకే అగ్గిపెట్టెలో ఉన్నాయి.

పెద్దవాళ్ళు ఎవరూ లేకుండా పాపను, కుక్కను ఒకే గదిలో వదలకూడదన్న నియమాన్ని మాత్రం ఎంత నమ్మకం కుదిరినా సడలించకండి. అది కరుస్తుందన్న భయంతోనే చెప్పడం లేదు. ఏడో నెలకు వాడి తోక సరిగ్గా మా అమ్మాయి చెంప ఎత్తుకు వచ్చింది, సంతోషంతో ఊపినప్పుడు బెత్తం దెబ్బలా తగిలేది. ఒకసారి ఆ తోక చివరే గోడకు కొట్టుకుని చిట్లి, హాలు నాలుగు గోడల మీదా రక్తపు చుక్కలు పడ్డాయి. అది మానడానికి నెల పైనే పట్టింది, కట్టు కట్టిన ప్రతిసారీ వాడు సంతోషపడి దాన్ని ఊడగొట్టుకునేవాడు. వాడు తింటున్నప్పుడూ, నిద్రపోతున్నప్పుడూ దగ్గరికి వెళ్ళకూడదని పాపకు ఖచ్చితంగా చెప్పండి. గుర్రుమంటే కొట్టకండి, ఎందుకంటే అది హెచ్చరిక. దాన్ని మాన్పిస్తే ఆ తరువాత హెచ్చరిక లేకుండానే కరిచే ప్రమాదం ఉంది.

ఇక తిండి. ఈ విషయంలో మేము చేసిన పొరపాటు ఎక్కువమంది చేసేదే. ఎముకలు గట్టిపడాలంటూ తెలిసినాయన ఒకరు కాల్షియం చుక్కలు ఇమ్మన్నారు, రెండు వారాలు ఇచ్చాం. మా పశువైద్యురాలు విని వెంటనే ఆపించారు. చిన్న వయసు కుక్కపిల్లల శరీరానికి అదనంగా వచ్చిన కాల్షియాన్ని వద్దని తోసిపుచ్చే శక్తి ఉండదు, అది ఎముకల ఎదుగుదలనే దెబ్బ తీస్తుంది. పెద్ద జాతి పిల్లల కోసమే చేసిన ఆహారంలో కాల్షియం ఎంత ఉండాలో అంతే ఉంటుంది కనుక, దాని మీద ఏదీ కలపనక్కరలేదు. బొద్దుగా పెంచాలన్న సరదా కూడా మానుకోవాలి. 48 లాబ్రడార్లను జతలుగా తీసుకుని, జతలో ఒకదానికి 25 శాతం తక్కువ ఆహారం పెడుతూ జీవితాంతం గమనించిన పరిశోధన ఫలితాలు 2002లో వచ్చాయి: తక్కువ తిన్నవి దాదాపు రెండేళ్ళు ఎక్కువ బతికాయి, వాటికి కీళ్ళ జబ్బులూ ఆలస్యంగా వచ్చాయి. పక్కటెముకల మీద చేయి వేస్తే, మన అరచేతి వెనుక వైపు తడిమినట్టుగా ఎముకలు తెలియాలి. పిడికిలి కణుపుల్లా పొడుచుకొస్తే బక్కచిక్కినట్టు, అరచేతిలా మెత్తగా ఉంటే లావెక్కినట్టు. వీధిలో వాళ్ళు “తిండి పెట్టడం లేదా?” అని అడుగుతూనే ఉంటారు, పట్టించుకోకండి.

ఎముకల చివర్లలో పెరిగే భాగాలు ఈ జాతిలో పూర్తిగా గట్టిపడడానికి ఏడాదిన్నర, ఒక్కోసారి రెండేళ్ళు పడుతుంది. అందుకే అప్పటి దాకా మెట్లెక్కించడం, సైకిలు పక్కన పరుగెత్తించడం, ఎత్తు నుంచి దూకించడం మేము మానుకున్నాం. నున్నటి గచ్చు మీద కాళ్ళు జారి విడిపోతుంటే హాలంతా రబ్బరు చాపలు పరిచాం, ఇల్లు వ్యాయామశాలలా ఉందని చుట్టాలు నవ్వారు. ఎనిమిదో నెలలో వాడు కుంటడం మొదలుపెట్టాడు. ముందు కుడి ముంగాలు, పది రోజులకు ఎడమ వెనక కాలు. ఎదిగే పెద్ద జాతి పిల్లల్లో ఇలా కాలు మార్చి కాలు నొప్పి పెట్టే పానోస్టైటిస్ అనే బాధ ఒకటుందని, వయసుతో అదే పోతుందని డాక్టరు చెప్పారు, అలాగే పోయింది. అయినా ఏ కుంటునూ మీరుగా తేల్చుకోకండి, తుంటి, మోచేతి కీళ్ళ లోపాలు కూడా ఇలాగే మొదలవుతాయి.

ప్రాణం మీదికి తెచ్చేది మాత్రం పొట్ట మెలిపడడం. లోతైన ఛాతీ ఉన్న జాతులన్నింటికీ ఈ ప్రమాదముంది, డేన్‌కు మరీ ఎక్కువ. పొట్ట ఉబ్బి, వాంతికి ప్రయత్నించినా ఏమీ రాక, నిలకడ లేకుండా తిరుగుతుంటే తెల్లవారే దాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. పొట్ట అలా మెలిపడకుండా దాన్ని ఒంటి లోపలి గోడకు కుట్టే గ్యాస్ట్రోపెక్సీని, పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్‌తో పాటే మేము చేయించాం. ఆ ఆపరేషన్ మరీ చిన్న వయసులో చేయిస్తే కొన్ని పెద్ద జాతుల్లో కీళ్ళ సమస్యలు పెరుగుతాయి కాబట్టి, సమయం మీ డాక్టరుతో మాట్లాడి నిర్ణయించుకోండి.

మొదటి నాలుగు నెలలూ ఇంట్లో ఒంట్లో ఓపికున్న పెద్ద మనిషి ఒకరు రోజంతా ఉండగలిగితేనే తెచ్చుకోండి. ఆ భారం మీ అత్తగారి మీద పడేటట్టయితే ఇంకో ఏడాది ఆగండి, పాప కూడా కాస్త పెద్దదవుతుంది. తెచ్చుకున్నాక, పది కిలోలు ఉన్నప్పుడే గోళ్ళు తీయించుకోవడం, నోరు తెరిచి చూపించడం, వాలు పలక మీదుగా కారెక్కడం రోజూ ఒకసారి నేర్పండి. మేము మిగతావన్నీ నేర్పి ఆ పలక సంగతి మరిచాం. ఇప్పటికీ ఆసుపత్రికి వెళ్ళాలంటే ముందు కాళ్ళు నేను, వెనక భాగం మా వారు ఎత్తి వాడిని కారులోకి చేరవేస్తున్నాం.