రోడ్డు ఎప్పుడు పాడవుతుందో ముందే లెక్కగట్టే ఉద్యోగం

ప్రశ్న: సివిల్ ఇంజినీరింగ్ మూడో ఏడాది చదువుతున్నాను. పైథాన్ వచ్చు. రోడ్లు ఎప్పుడు దెబ్బతింటాయో అంచనా వేసి, తక్కువ ఖర్చులో మరమ్మతులు ప్లాన్ చేసే పని మీద ఆసక్తి. దీనికోసం సివిల్ వదిలి డేటా సైన్స్‌లో చేరడం మంచిదేనా?

జవాబు: సివిల్ వదలకండి. మీరు అడిగిన పనిని పేవ్‌మెంట్ మేనేజ్‌మెంట్ అంటారు. ఇక్కడ పేవ్‌మెంట్ అంటే ఫుట్‌పాత్ కాదు, బండ్ల బరువు మోసే రోడ్డు పొరలు. రోడ్ల శాఖలు, కన్సల్టెన్సీలు, టోల్ రోడ్ల నిర్వహణ సంస్థలతో పాటు విమానాశ్రయాలకూ (రన్‌వే కూడా పేవ్‌మెంటే) ఈ నిపుణులు కావాలి. కోడ్ రాసేవాళ్లు దొరుకుతారు. రోడ్డును చూసి రోగం చెప్పేవాళ్లే కరవు.

చక్రాలు నడిచే జాడలో సన్నటి పగుళ్లు అల్లుకుపోయి మొసలి చర్మంలా కనిపిస్తే, ఆ రోడ్డు బరువు మోసి మోసి అలసిపోయిందని అర్థం. రోడ్డుకు అడ్డంగా, దూరదూరంగా వచ్చినవి చాలావరకు చలికి తారు ముడుచుకుని వచ్చిన పగుళ్లు. వీటిని నింపి నీళ్లు దిగకుండా చేస్తే రోడ్డు ఇంకొన్నేళ్లు నిలుస్తుంది. మొసలి చర్మం మీద అదే పని చేస్తే డబ్బు దండగ. రెండింటినీ ‘పగుళ్లు’ అని ఒకే కాలమ్‌లో వేసిన డేటాతో అంచనా వేసే ఏ కంప్యూటర్ మోడలూ సరైన జవాబు ఇవ్వదు.

బరువు సంగతీ అంతే. 1958-60లో అమెరికాలో ట్రక్కులను పదేపదే నడిపి రోడ్లను పరీక్షించిన ఆషో రోడ్ టెస్ట్‌లో తేలిందేమిటంటే, ఇరుసు మీద బరువు రెట్టింపైతే రోడ్డుకు జరిగే నష్టం సుమారు 16 రెట్లు. అందుకే ఎన్ని బండ్లు తిరిగాయన్న లెక్క ఒక్కటే సరిపోదు.

ఇక అసలు చిక్కు డబ్బు. అది ఎప్పుడూ చాలదు, కాబట్టి బాగా పాడైన రోడ్డే ముందు వేయాలనిపిస్తుంది. కానీ పూర్తిగా పోయిన రోడ్డును ఈ ఏడాది వేసినా వచ్చే ఏడాది వేసినా ఖర్చులో పెద్ద తేడా ఉండదు. ఇప్పుడు పైపూతతో సరిపోయే రోడ్డును మాత్రం రెండేళ్లు వదిలేస్తే తవ్వి వేయాల్సి రావచ్చు. ఏది ఎప్పుడు ఆ గీత దాటుతుందో చెప్పడమే మీ పని. అరిజోనా రోడ్ల శాఖ 1980ల మొదట్లోనే మార్కోవ్ పద్ధతితో (రోడ్డు ఇప్పుడున్న స్థితిని బట్టి వచ్చే ఏడాది ఏ స్థితికి చేరే అవకాశం ఎంతో లెక్కగట్టే పద్ధతి) ఇలా ప్లాన్ చేసి, మొదటి ఏడాదే 1.4 కోట్ల డాలర్లు ఆదా చేసింది.

కాబట్టి సంభావ్యత, రిగ్రెషన్, లీనియర్ ప్రోగ్రామింగ్ (ఉన్న డబ్బును ఎలా పంచితే ఎక్కువ ఫలితమో తేల్చే గణితం), జీఐఎస్ (డేటాను మ్యాప్ మీద పెట్టి చూసే సాఫ్ట్‌వేర్) నేర్చుకోండి. నేల, డ్రైనేజీ సబ్జెక్టులను పాస్ మార్కులకోసం చదవద్దు. పీజీలో ట్రాన్స్‌పోర్టేషన్ తీసుకోండి. రోడ్ల మరమ్మతులు, ఖర్చులు లెక్కగట్టే హెచ్‌డీఎం-4 సాఫ్ట్‌వేర్ అప్పుడు పట్టుకున్నా చాలు.

ఒక్క జాగ్రత్త. పాత రికార్డుల్లో ఒక రోడ్డు గతేడాదికన్నా హఠాత్తుగా బాగుపడినట్టు కనిపిస్తుంది. రోడ్డు దానంతటది బాగుపడదు. మధ్యలో ఎవరో కొత్త పొర వేశారు, నమోదు చేయలేదు. దాన్ని పట్టుకోకపోతే, రోడ్లు వయసుతో పాడవవని మీ మోడల్ నేర్చుకుంటుంది.

ప్రాజెక్టుకోసం ఇప్పుడే రద్దీ లేని రోడ్డు 100 మీటర్లు ఎంచుకోండి. టేపు పట్టుకుని ప్రతి పగులు పొడవూ వెడల్పూ కొలవండి, వాన తర్వాత నీళ్లు ఎక్కడ నిలిచాయో గీసుకోండి. ఆరు నెలలకు మళ్లీ వెళ్లి అవే చోట్ల కొలవండి.