కాలిన చేతికి కలబంద రాసే ముందు

చిట్టితల్లీ,

ఆవిరి తగిలి మణికట్టు కాలిందనీ, కుండీలో కలబంద ఉంది రాసుకోనా అనీ అడిగావు. రాసుకో. కానీ అది ఎక్కడ పనిచేస్తుందో, ఎక్కడ చెయ్యదో తెలుసుకుని రాసుకో. ముప్పై ఏళ్లు నర్సుగా గాయాలకు కట్లు కట్టినదాన్ని. కలబంద చేసిన మేలూ చూశాను, దాన్ని నమ్మి ఆలస్యం చేసినవాళ్లనూ చూశాను. వెంటనే 20 నిమిషాలు కుళాయి కింద చెయ్యి పెట్టావు చూడు, సగం వైద్యం అక్కడే అయింది.

ఇక ఆకు సంగతి. కోయగానే మొదలు నుంచి పసుపుపచ్చని చేదు పసరు కారుతుంది. అది గుజ్జు కాదు, తొక్కకు లోపలివైపు అంటుకుని ఉండే సన్నటి నాళాల్లోది. అందులో అలోయిన్ అనే చేదు పదార్థం ఉంటుంది. ఆ పసరును ఎండబెడితేనే విరేచనం కావడానికి వాడే ముసాంబరం. అది కొందరి చర్మానికి పడక మంట పుడుతుంది, దద్దుర్లు లేస్తాయి. కలబంద పడలేదని నాతో చెప్పినవాళ్లలో చాలామంది ఈ పసరుతో సహా పూసుకున్నవాళ్లే. అందుకని కోసిన ఆకును గ్లాసులో పావుగంట నిలబెట్టు. అడుగున పసుపు చుక్కలు చేరతాయి, పారబొయ్యి. అంచుల ముళ్లు తీసి, తొక్క ఒలిచి, గుజ్జును బాగా కడుగు. గాజుముక్కలా తేటగా కనిపించాలి. ముందు మోచేతి లోపలివైపు కాస్త రాసి ఒక రోజు చూడు.

ఆ గుజ్జులో నూటికి 99 పాళ్లు నీళ్లే. మిగతా కొంచెంలో అసిమన్నాన్ అనే చక్కెర గొలుసు ఉంటుంది. చర్మానికి బిగువునిచ్చే కొల్లాజెన్‌ను తయారుచేసే కణాలను అది ఉత్సాహపరుస్తుందని ప్రయోగశాలల్లో, జంతువుల మీద చూశారు. ఆకు కోసి ఉంచేకొద్దీ ఆ గొలుసు తెగిపోతూ ఉంటుంది, కాబట్టి ఏ పూటకాపూట కోసుకో.

మనుషుల మీద ఏం తేలిందంటావా? ఎక్స్‌రేల వల్ల చర్మం దెబ్బతిన్నవాళ్లకు ఈ ఆకు పనికొచ్చిందని 1935లోనే వైద్యులు రాశారు. 2007లో నాలుగు అధ్యయనాలను, మొత్తం 371 మందిని, కలిపి చూస్తే పైపై కాలిన గాయాలు సుమారు 9 రోజులు ముందుగా మానాయి. అధ్యయనాలు చిన్నవే, ఒకదానికొకటి పొంతన లేనివే, అయినా నాకు ఇది నమ్మదగ్గదిగానే కనిపిస్తుంది. ఆపరేషన్ కోత విచ్చుకున్న స్త్రీల మీద 1991లో చూసినప్పుడు మాత్రం కథ తిరగబడింది. మామూలు కట్టుతో సగటున 53 రోజుల్లో మానిన గాయం, కలబంద జెల్ రాస్తే 83 రోజులు పట్టింది. చర్మం మీద పొలుసులు లేచే సొరియాసిస్ జబ్బుకు 1996లో అద్భుతంగా పనిచేసిందన్నారు. 2005లో మరొకరు చూస్తే మందు లేని ఉత్తుత్తి జెల్ కంటే మెరుగేమీ కాదని తేలింది. అందుకే కుట్ల మీదా, మానని పుండ్ల మీదా రాయమని నేను ఎవరికీ చెప్పను.

ఒక పిల్లవాణ్ని ఎప్పటికీ మరిచిపోలేను. తొడ కాలితే నాలుగు రోజులు కలబందే రాశారు. "నొప్పి లేదంటున్నాడమ్మా, తగ్గుతోందనుకున్నాం" అంది తల్లి. చూస్తే చర్మం తెల్లగా, తోలులా బిగుసుకుపోయింది. లోతుగా కాలితే నరాలు కూడా పోతాయి, నొప్పి తెలియకపోవడం అందుకే. ఆ తల్లి ముఖం ఇప్పటికీ నా కళ్లముందే ఉంది.

నీది ఎర్రగా ఉండి మండుతోందన్నావు, అంటే పైపైదే. రోజుకు రెండు మూడుసార్లు పలచగా రాయి. బొబ్బ లేస్తే చిదమకు. పగిలితే కుండీలోని గుజ్జు ఆపెయ్. దానికి సూక్ష్మజీవులు లేవని ఎవరూ హామీ ఇవ్వలేరు, శుభ్రమైన కట్టు కట్టుకో. అధ్యయనాల్లో వాడినవి చాలావరకు శుద్ధిచేసిన మందులు, కుండీలో ఆకు కాదు. కాలినచోటు నీ అరచేతికంటే పెద్దదైనా, చుట్టూ ఎరుపు పాకినా, చీము పట్టినా, జ్వరం వచ్చినా ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్లు.

రేపు పొద్దున వెలుతురులో ఫోటో తీసి పంపు, చూస్తాను.

నీ పెద్దమ్మ