కవలల కాన్పుకు ఎపిడ్యూరల్ కావాలా? రెండో బిడ్డను బట్టి తేల్చుకోండి

మీ ప్రశ్న సారాంశం ఇది: 35వ వారం, వేర్వేరు మాయలున్న కవలలు, మొదటి బిడ్డ తల కిందికి ఉంది, రెండో బిడ్డ ఎదురుకాళ్ళతో ఉంది. నార్మల్ డెలివరీకే నిర్ణయించుకున్నారు. డాక్టరు ఎపిడ్యూరల్ (నడుము వెనక సన్నని గొట్టం పెట్టి నొప్పి తెలియకుండా మందు ఇచ్చే పద్ధతి) తీసుకోమంటున్నారు. మీకేమో నొప్పి ఓర్చుకోగలనన్న ధైర్యం ఉంది, వెన్నులో సూది అంటే మనసొప్పడం లేదు. పీల్చే గ్యాస్‌తోనో నొప్పి ఇంజెక్షన్‌తోనో గట్టెక్కవచ్చా అని అడిగారు.

ఒక్క బిడ్డ కాన్పయితే ఓర్చుకోగలరా లేదా అన్నదే అసలు ప్రశ్న. కవలల్లో లెక్క వేరు. మొదటి బిడ్డ బయటపడిన దగ్గర్నుంచి రెండో బిడ్డ పుట్టేదాకా పది నిమిషాల నుంచి అరగంట పట్టొచ్చు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే. ఆ కాస్త సమయంలో డాక్టరు ఏం చేయాల్సి రావచ్చో ముందు తెలుసుకోండి, మందు సంగతి దాన్నిబట్టి తేల్చుకోండి.

మొదటి బిడ్డ రాగానే గర్భసంచిలో ఒక్కసారిగా చోటు ఏర్పడుతుంది. రెండో బిడ్డ అప్పటిదాకా ఎలా ఉన్నా సరే, అడ్డం తిరగొచ్చు. నొప్పులు కూడా చాలామందిలో మందగిస్తాయి, అందుకే నొప్పులు పెంచే ఆక్సిటోసిన్ డ్రిప్ సిద్ధంగా ఉంచుతారు. ఒకరు పొట్ట మీద చేతులుంచి బిడ్డను నిలువుగా పట్టి ఉంచుతారు, ఇంకొకరు స్కానింగ్ చేసి తల ఎక్కడుందో, కాళ్ళెక్కడున్నాయో చూస్తారు. ఎదురుకాళ్ళ బిడ్డయితే డాక్టరు చేయి లోపలికి పోనిచ్చి, ఉమ్మనీటి సంచి పగలకముందే పాదాలు దొరకబుచ్చుకుని కిందికి తీసుకురావాల్సి రావచ్చు. అడ్డంగా ఉంటే లోపలే తిప్పి కాళ్ళు అందుకుంటారు. మణికట్టు దాటి చేయి వెళ్ళే పని ఇది. దీనికి గ్యాస్ చాలదు. తల్లి శరీరం నొప్పికి బిగుసుకుపోతే డాక్టరు చేయి ఆడదు, అక్కడ పోయే ప్రతి నిమిషమూ రెండో బిడ్డదే. బొడ్డుతాడు ముందుకు జారినా, బిడ్డ గుండె వేగం పడిపోయి కోలుకోకపోయినా, వెంటనే సిజేరియన్‌కు వెళ్ళాలి.

ఇదేమీ ఊహాలోకపు భయం కాదు. కవలల కాన్పులపై 2013లో వెలువడిన ట్విన్ బర్త్ స్టడీ అనే అధ్యయనంలో, మొదటి బిడ్డ తలకిందులుగా ఉండి నార్మల్‌కే ప్రయత్నించాలనుకున్న వర్గంలో దాదాపు 44 శాతం మందికి సిజేరియన్ అయింది. ఆ వర్గంలో దాదాపు 4 శాతం మందికి మొదటి బిడ్డ నార్మల్‌గా, రెండో బిడ్డ ఆపరేషన్‌తో పుట్టారు. అదే అధ్యయనంలో, ముందే సిజేరియన్ నిర్ణయించినంత మాత్రాన బిడ్డల ఆరోగ్యం మెరుగుపడలేదనీ తేలింది. కాబట్టి నార్మల్‌కు ప్రయత్నించడం సబబే, దారి మారే అవకాశానికీ సిద్ధపడి ఉండాలి అంతే. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ సూచనలు కూడా కవలల నార్మల్ డెలివరీకి ఎపిడ్యూరల్ ఇవ్వజూపమనే చెబుతాయి. లోపల చేసే పని సులువవుతుంది, ఆపరేషన్ అవసరమైతే త్వరగా మొదలుపెట్టొచ్చు. వాళ్ళు చెప్పే కారణాలు కూడా ఇవే.

ఇక్కడ ఒక అపోహ ఉంది, కొందరు వైద్య సిబ్బందిలో కూడా. ఎపిడ్యూరల్ వల్ల గర్భసంచి వదులవుతుందనుకుంటారు. వదులవదు. అది నొప్పిని తీస్తుంది, పొట్ట, తొడ కండరాల బిగువు తగ్గిస్తుంది, అంతే. గర్భసంచి బిడ్డ చుట్టూ బిగుసుకుపోతే నైట్రోగ్లిజరిన్ కావాలి: నరంలోకి 50 నుంచి 100 మైక్రోగ్రాములు, లేదా నాలుక కింద 400 మైక్రోగ్రాముల స్ప్రే. ఒక నిమిషం అటూఇటూగా పనిచేసి, కొద్ది నిమిషాల్లో దిగిపోతుంది. బీపీ కూడా పడిపోతుంది కాబట్టి సెలైన్, బీపీ పెంచే ఇంజెక్షన్ పక్కనే ఉంచుకోవాలి.

ఎపిడ్యూరల్ పెట్టే తీరు తెలిస్తే సూది భయం కొంత తగ్గవచ్చు. ముందు చేతికి మందులు, సెలైన్ ఎక్కించే పెద్ద సైజు కాన్యులా (16 లేదా 18 గేజ్) పెడతారు, ప్లేట్‌లెట్ల లెక్క చూస్తారు, రక్తం గ్రూపు సరిచూసి ఉంచుతారు. మిమ్మల్ని మంచం అంచున కూర్చోబెట్టి గడ్డం ఛాతీకి ఆనించి వీపు గుండ్రంగా వంచమంటారు. రెండు బిడ్డల పొట్టతో అలా వంగడం కష్టమే, ఎడమ పక్కకు పడుకుని కూడా చేయించుకోవచ్చు. నడుము కింది భాగంలో చర్మానికి తిమ్మిరి ఇంజెక్షన్ ఇచ్చాక సూది వెళ్తుంది. దాంట్లోంచి సన్నని గొట్టాన్ని నాలుగైదు సెంటీమీటర్లు లోపల ఉంచి సూది తీసేస్తారు. వీపులో మిగిలేది ఆ గొట్టమే. నొప్పి వస్తుంటే ముందే చెప్పండి, ఆగుతారు. చెప్పకుండా కదలడమే చిక్కు. పెట్టడానికి పది పదిహేను నిమిషాలు, మందు పట్టడానికి మరో పదిహేను ఇరవై నిమిషాలు.

మొదట చిన్న పరీక్ష డోసు ఇస్తారు. గొట్టం పొరపాటున రక్తనాళంలోనో వెన్ను ద్రవంలోనో ఉంటే అప్పుడే బయటపడుతుంది. తర్వాత నొప్పులకు వాడేది చాలా పలుచని మందు: బుపివకైన్ అనే తిమ్మిరి మందు 0.0625 నుంచి 0.1 శాతం, మిల్లీలీటరుకు 2 మైక్రోగ్రాముల ఫెంటానిల్ అనే నొప్పి మందు కలిపి. ఈ మోతాదులో చాలామంది కాళ్ళు కదపగలరు, ముక్కగలరు. మొదటి ఇరవై నిమిషాలు ఐదేసి నిమిషాలకు బీపీ చూస్తారు. కవలల బరువు పెద్ద రక్తనాళాల మీద పడుతుంది కాబట్టి వెల్లకిలా పడుకుంటే చాలు, బీపీ పడిపోతుంది, ఎపిడ్యూరల్ తోడైతే మరీను. ఎప్పుడూ ఎడమకు ఒరిగే పడుకోండి.

పెట్టించుకోవడంతో పని అయిపోదు, అది పనిచేస్తోందని నిర్ధారించుకోవాలి. ఐస్ ముక్కతో రెండు వైపులా చల్లదనం తెలుస్తోందేమో చూస్తారు. ఒక పక్కే మొద్దుబారితే గొట్టాన్ని ఒక సెంటీమీటరు వెనక్కి లాగి మళ్ళీ మందు ఇస్తారు. అరగంటలో కుదరకపోతే తీసి కొత్తది పెట్టాలి. మొహమాటపడి సర్దుకుపోవద్దు. గంట గంటకూ అదనపు డోసు అడగాల్సి వస్తున్న ఎపిడ్యూరల్, థియేటర్‌లో ఆపరేషన్‌కు సరిపోకపోయే అవకాశం ఎక్కువ. ఒక్క బిడ్డ కాన్పులో అరకొరగా పనిచేస్తే నెట్టుకురావచ్చు. కవలల్లో అది లేనిదానికంటే ప్రమాదం, ఉందన్న భరోసాతో అందరూ దాని మీదే ఆధారపడతారు కాబట్టి.

ఇదే కారణంగా, గొట్టం మాత్రం పెట్టి మందు వేయకుండా అట్టే ఉంచుదాం అనే రాజీ మార్గం నాకు నచ్చదు. మందు వేయని గొట్టం పనిచేస్తుందో లేదో ఎవరికీ తెలియదు. కనీసం ఒక్కసారి మందు వేసి, రెండు వైపులా పట్టిందని చూసి, ఆ తర్వాత కావాలంటే తక్కువ మోతాదులో నడపమనండి. మీ అయిష్టం మొద్దుబారడం గురించయితే ఇది మంచి మధ్యేమార్గం. నొప్పులు క్రమంగా పడ్డాయని తేలాక ఎప్పుడైనా పెట్టించుకోవచ్చు, గర్భసంచి ముఖద్వారం నాలుగు సెంటీమీటర్లు తెరుచుకునేదాకా ఆగాలన్నది పాత మాట. కవలల్లో ముందుగా పెట్టడమే మేలు.

సిజేరియన్ అవసరమైతే అదే గొట్టంలో గాఢమైన మందు, సాధారణంగా ఎడ్రినలిన్ కలిపిన 2 శాతం లిగ్నోకైన్ 15 నుంచి 20 మిల్లీలీటర్లు, విడతలుగా ఇస్తారు. కోతకు సరిపడా పట్టడానికి పది నిమిషాలు అటూఇటూగా పడుతుంది. అందుకే ముక్కే దశకు ముందే మత్తు డాక్టరు గదిలో ఉండి, మధ్యస్థంగా ఒక డోసు ఇచ్చి ఉంచడం మంచిది. మొదటి నుంచి మొదలుపెట్టేకంటే సగం దారిలోంచి వెళ్ళడం వేగం.

గ్యాస్ సంగతి. ఆక్సిజన్, నైట్రస్ ఆక్సైడ్ సగం సగం. అర నిమిషానికి గానీ పట్టదు, కాబట్టి నొప్పి మొదలవుతోందనగానే పీల్చాలి, పతాక స్థాయికి వచ్చాక పీల్చి లాభం లేదు. ఆపిన కొద్ది నిమిషాల్లో శరీరంలోంచి పోతుంది, బిడ్డలకు ఇబ్బంది లేదు. తొలి గంటలకు, ఎపిడ్యూరల్ పెట్టేంతసేపు కదలకుండా ఉండటానికి బాగా పనికొస్తుంది.

పెథిడిన్ అనే నొప్పి ఇంజెక్షన్ మాత్రం కవలల్లో నేను చివరి వరుసలో పెడతాను. కండరంలోకి 50 నుంచి 100 మిల్లీగ్రాములు, ఇరవై నిమిషాల్లో పట్టి రెండు మూడు గంటలుంటుంది. నొప్పి పెద్దగా తగ్గదు, తల్లికి మగత, వాంతులు. మాయ దాటి బిడ్డలకు చేరుతుంది, ఇచ్చాక రెండు మూడు గంటల్లో పుడితే ఊపిరి మందగించవచ్చు. కవలలు ఎక్కువగా నెలలు నిండకముందే, తక్కువ బరువుతో పుట్టే వాళ్ళు, పైగా ఇద్దరు. కింది భాగానికి ఇచ్చే పుడెండల్ బ్లాక్ అనే తిమ్మిరి ఇంజెక్షన్ ఫోర్సెప్స్‌కు (బిడ్డను లాగే పట్టకార్లకు), కుట్లకు సరిపోతుంది గానీ గర్భసంచిలోకి చేయి వెళ్ళే పనికి ఏమాత్రం కాదు.

నష్టాలు దాచనక్కర్లేదు. బ్రిటన్‌లోని ప్రసూతి మత్తు వైద్యుల సంఘం తల్లులకిచ్చే అంకెల ప్రకారం, కాన్పు నొప్పులకు పెట్టిన ఎపిడ్యూరల్ ప్రతి 8 మందిలో ఒకరికి సరిగా పనిచేయదు, వాళ్ళకు ఇంకో మార్గం కావాల్సి వస్తుంది. 50 మందిలో ఒకరికి బీపీ బాగా పడిపోతుంది. 100 మందిలో ఒకరికి తీవ్రమైన తలనొప్పి వస్తుంది. తాత్కాలికంగా నరం దెబ్బతిని కాలు మీద మొద్దుబారడం వంటివి 1,000లో ఒకరికి, ఆరు నెలలు దాటి ఉండేవి 13,000లో ఒకరికి. దురద, వణుకు, కొద్దిగా జ్వరం, మూత్రం తెలియకపోవడం మామూలే. మూత్రం గొట్టంతో తీస్తారు. ముక్కే దశ కాస్త సాగుతుంది. సిజేరియన్ అవకాశం పెరగదు, జీవితాంతం నడుం నొప్పి రాదు.

కొందరికి అసలు పెట్టకూడదు లేదా ఆగాలి. ప్లేట్‌లెట్లు 70 నుంచి 80 వేల కంటే తగ్గితే మత్తు డాక్టర్లు సాధారణంగా వెనకాడతారు. కవలల తల్లులకు గర్భిణి బీపీ సమస్య ఎక్కువ, దాంతో ప్లేట్‌లెట్లు గంటల్లో పడిపోగలవు, కాబట్టి పోయిన నెల రిపోర్టు పనికిరాదు. రక్తం పలుచబరిచే హెపారిన్ ఇంజెక్షన్లు (ఎనాక్సాపారిన్ లాంటివి) వాడుతుంటే నివారణ మోతాదుకు 12 గంటలు, చికిత్స మోతాదుకు 24 గంటలు గడవాలి. నొప్పులు మొదలైనట్టు అనిపిస్తే తర్వాతి డోసు వేసుకోకుండా ఫోన్ చేయండి. తక్కువ మోతాదు ఆస్పిరిన్ అడ్డు కాదు.

ఇంత విన్నాక కూడా వద్దనుకుంటే అది మీ హక్కే. అయితే ముందే కొన్ని ఖాయం చేసుకోండి: కాన్యులా నొప్పుల మొదట్లోనే పెట్టించుకోవడం, ఘనాహారం మానేసి పలుచని ద్రవాలే తీసుకోవడం, ఎసిడిటీ మందు వేళకు పడటం, మత్తు డాక్టరు ముందుగా వచ్చి మీ నోరు, మెడ, వెన్ను చూసి వెళ్ళడం, ముక్కే దశలో థియేటర్‌లోనో దాని పక్క గదిలోనో ఉండటం. సమయముంటే వెన్నులో ఒక్క ఇంజెక్షన్‌తో స్పైనల్ ఇస్తారు, ఐదారు నిమిషాల్లో పడుతుంది. సమయం లేకపోతే పూర్తి మత్తు, అప్పుడు బిడ్డ పుట్టడం మీకు తెలియదు, తోడు వచ్చిన వాళ్ళను కూడా సాధారణంగా బయటే ఉంచుతారు. డాక్టరును సూటిగా అడగండి: రాత్రి రెండింటికి మత్తు డాక్టరు ఆస్పత్రిలోనే ఉంటారా, ఇంటి నుంచి రావాలా? ఎదురుకాళ్ళ రెండో బిడ్డను లోపలి నుంచి తీయడం అలవాటున్న డాక్టరు ఆ పూట డ్యూటీలో ఉంటారా? ఇంటి నుంచి రావాలంటే, ఎపిడ్యూరల్ కంటే ముందు ఆస్పత్రి గురించే ఆలోచించాలి.

పెట్టించుకుంటే మాత్రం, రెండో బిడ్డ పుట్టగానే గొట్టం తీయనివ్వకండి. సాగిపోయిన గర్భసంచి సరిగా ముడుచుకోక రక్తస్రావం అయ్యే అవకాశం కవలల్లో ఎక్కువ, మాయను చేత్తో తీయాల్సి రావచ్చు. మాయ పూర్తిగా వచ్చి, కుట్లు అయ్యి, రక్తం అదుపులోకి వచ్చాకే తీయాలి. గొట్టం తీసిన నాలుగు గంటలకు గానీ హెపారిన్ ఇంజెక్షన్ ఇవ్వరు. తిమ్మిరి పూర్తిగా దిగాక, మొదటిసారి లేచేటప్పుడు మనిషి తోడు ఉండాలి. కూర్చుంటే పెరిగి పడుకుంటే తగ్గే తలనొప్పి తర్వాతి రోజుల్లో ఎప్పుడు వచ్చినా, కాలు మళ్ళీ మొద్దుబారినా, ఇంటికి వెళ్ళిపోయామని ఊరుకోకుండా మత్తు విభాగానికే ఫోన్ చేయండి. ఆ తలనొప్పి మాత్రలతో లొంగకపోతే, మీ రక్తమే 20 మిల్లీలీటర్ల దాకా తీసి సూది గుచ్చిన చోట లోపల ఎక్కించి, వెన్ను పొరకు పడ్డ రంధ్రం మూసే చికిత్స ఉంది.