గొడవ అంటే ఫైట్ ఒక్కటే కాదు

ప్రశ్న: మాది పర్లాకిమిడి, బట్టల కొట్టు ఉంది. మా అమ్మాయి పదో తరగతి దాకా ఒడియా మీడియం, ఇప్పుడు బీకాం ఆఖరి సంవత్సరం. ఇంట్లో తెలుగే మాట్లాడుకుంటాం. ఈమధ్య కస్టమర్ సపోర్టు ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్లింది. టీములో ఎవరితోనైనా గొడవ వచ్చిందా, వస్తే ఎలా సర్దుకున్నావు అని ఇంగ్లీషులో అడిగితే, "నో సర్, ఐ నెవర్ ఫైట్ విత్ ఎనీబడీ" అందట. సెలెక్ట్ కాలేదు. అప్పట్నుంచీ రెండు వేల ఇంగ్లీషు మాటలున్న పుస్తకం కొనుక్కుని బట్టీ పడుతోంది. విశాఖపట్నంలో ఒక కోర్సుకి పాతిక వేలు అడుగుతున్నారు. చేర్పించమంటారా? ఒడియా మీడియంలో చదివించినందుకు ఈ లోటు ఇలా ఉండిపోవాల్సిందేనా?

జవాబు: మీ ఉత్తరం అందాక మీ అమ్మాయితో ఫోన్లో అరగంట మాట్లాడాను. ఆ పాతిక వేలు ఇప్పుడే కట్టకండి. తన ఇంగ్లీషు మీరు భయపడుతున్నంత బలహీనంగా లేదు. ఇంటర్వ్యూలో తను చెప్పిన వాక్యంలో వ్యాకరణం తప్పు ఒక్కటీ లేదు, చూడండి. ఇబ్బంది వేరే చోట ఉంది.

మన ఇళ్లల్లో ఎవరితోనూ గొడవ పడని పిల్లని మంచి పిల్ల అంటాం. తనూ మంచి పిల్లలాగే జవాబు చెప్పింది. కానీ కస్టమర్ సపోర్టు అంటే పొద్దస్తమానం కోపంగా ఉన్నవాళ్లతో మాట్లాడే పని. ఇంటర్వ్యూ చేసేవాళ్లకి తెలియాల్సింది గొడవ వచ్చిందా లేదా అని కాదు, వచ్చినప్పుడు ఈ అమ్మాయి ఎలా నెట్టుకొస్తుందని. గొడవే రాలేదంటే ఇక వాళ్లకి అడగడానికి ఏమీ మిగల్లేదు.

ఇక మాట సంగతి. తెలుగులో కూరగాయల బేరం దగ్గర మాటామాటా వచ్చినా గొడవే, అన్నదమ్ముల వాటాల తగువైనా గొడవే, కర్రలు లేచినా గొడవే. ఎంత పెద్దదో వినేవాడు సందర్భాన్ని బట్టి తెలుసుకుంటాడు. ఇంగ్లీషులో ఆ కొలత మాటలోనే చెప్పాలి. ఒకరు చెప్పింది ఇంకొకరు వేరుగా అర్థం చేసుకుంటే మిస్‌అండర్‌స్టాండింగ్. అభిప్రాయాలు కలవకపోతే డిసగ్రీమెంట్. గొంతులు లేస్తే ఆర్గ్యుమెంట్. ఫైట్ అని మాటల గొడవనీ అంటారు గానీ, ఇంటర్వ్యూ గదిలో ఆ మాట వింటే చేయి చేసుకున్నారేమో అనిపిస్తుంది. మీ అమ్మాయికి గొడవ అనగానే తట్టింది ఫైట్ ఒక్కటే. అంత పెద్దది తన జీవితంలో లేదు కాబట్టి లేదంది. నిజమే చెప్పింది, పాపం.

మరి ఎవరితోనూ ఎప్పుడూ మాట పట్టింపు రాలేదా తల్లీ అని తెలుగులో అడిగితే వెంటనే చెప్పింది. నలుగురు కలిసి ఫోన్ పేమెంట్ల మీద బజారు కొట్లలో సర్వే చేయాలి. ఇరవై కొట్లు నువ్వు చూస్తావా అని ఒక స్నేహితురాలిని అడిగితే ఆ పిల్ల ఒడియాలో "దేఖిబా" అంది. మనం చూద్దాం అంటామే, అదే. మొహమాటం కొద్దీ అలా అంది, కుదరదని దాని అర్థం. మీ అమ్మాయి మాత్రం సరేనన్నట్టు అనుకుంది. గడువు దగ్గరపడేదాకా ఎవరూ వెళ్లలేదు. తను నలుగురిలో నిలదీసింది, ఆ పిల్ల అలిగింది, నాలుగు రోజులు మాటల్లేవు. ఐదో రోజున తనే వాళ్లింటికి వెళ్లి, అందరి ముందూ అనడం తప్పేనని ఒప్పుకుని, చెరో పది కొట్లు పంచుకుంది. సర్వే పూర్తయింది.

అయ్యా, ఆ ఇంటర్వ్యూ ప్రశ్నకి ఇంతకన్నా మంచి జవాబు ఏముంటుంది? దీన్నే ఇంగ్లీషులో నాలుగు మెట్లలో చెప్పమంటారు: పరిస్థితి (సిట్యుయేషన్), మన పని (టాస్క్), మనం చేసింది (యాక్షన్), ఫలితం (రిజల్ట్). ఆ నాలుగు ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలు కలిపి స్టార్ పద్ధతి అంటారు. ఇద్దరం కూర్చుని ఇలా అల్లాం: "వి హాడ్ ఎ మిస్‌అండర్‌స్టాండింగ్ అబౌట్ హూ వుడ్ డూ ద సర్వే. ఐ స్పోక్ హార్ష్‌లీ ఇన్ ఫ్రంట్ ఆఫ్ అదర్స్, అండ్ షి వాజ్ హర్ట్. ఐ వెంట్ టు హర్ హౌస్, అపాలజైజ్డ్, అండ్ వి షేర్డ్ ద వర్క్. వి ఫినిష్డ్ ఇట్ ఆన్ టైమ్." నాలుగే వాక్యాలు, అన్నీ తనకి ముందే తెలిసిన మాటలు. అలిగింది అన్నదానికి పుస్తకంలో సల్క్ అని ఉందట. దాన్ని వద్దన్నాను. మన అలకలో కాస్త చనువు, కాస్త హక్కు ఉంటాయి. సల్క్ అంటే చిన్నపిల్లలా మూతి ముడుచుకుందని ఎదుటివాళ్లని తక్కువ చేసినట్టు ఉంటుంది. "షి వాజ్ హర్ట్" అంటే ఆ స్నేహితురాలి గౌరవం నిలబడుతుంది.

అన్నిటికన్నా ముఖ్యం అనిపించేది ఇంకోటుంది. తెలుగులో మర్యాద క్రియాపదం చివరే ఉంటుంది. పంపు, పంపండి. ఒడియాలోనూ తు, తుమే, ఆపణ అని మూడు మెట్లు. ఇంగ్లీషులో అందరికీ ఒకటే యు. దాంతో మన పిల్లల 'అండి' ఇంగ్లీషులోకి వచ్చేసరికి ఎక్కడో జారిపోతుంది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా పైఅధికారికి "సెండ్ మీ ద ఫైల్ టుడే" అని రాశాను. మనసులో ఉన్నది "ఈ రోజు పంపించండి సార్" అనే. ఆయన చాలా నొచ్చుకున్నారు. ఎందుకో నాకు చాలా రోజులు అర్థం కాలేదు. ఇంగ్లీషులో ఆ 'అండి' వాక్యం మొదట్లో ఉంటుంది: "కుడ్ యు ప్లీజ్ సెండ్ మీ ద ఫైల్ టుడే?" ఈ కుడ్, వుడ్, మే అనేవి వ్యాకరణం పాఠంలో ఎప్పుడో చదివి వదిలేస్తాం. ఆఫీసులో మర్యాద సగం వాటి మీదే నడుస్తుంది.

కోపంగా ఉన్నప్పుడు ఇది ఇంకా అవసరం. "యు డిడ్ంట్ సెండ్ ఇట్" అంటే వేలెత్తి చూపినట్టు. "ఐ హావెంట్ రిసీవ్డ్ ఇట్ యెట్" అంటే విషయం అదే, నింద లేదు. కాదని చెప్పాల్సి వస్తే చూద్దాం తరహాలో "ఐ విల్ ట్రై" అనేయకుండా, "ఐయామ్ అఫ్రెయిడ్ ఐ కాంట్ డూ ఇట్ టుడే, బట్ ఐ కెన్ ఫినిష్ ఇట్ బై థర్స్‌డే" అనాలి. ఇక్కడ అఫ్రెయిడ్ అంటే భయం కాదు, "ఏమీ అనుకోకండి" అన్నమాట. మొహమాటానికి ఇంగ్లీషులో సరైన మాట నాకు ఇంతవరకూ దొరకలేదు గానీ, ఆ పని చేసిపెట్టేది మాత్రం ఇదే.

చిన్న చిన్నవి కొన్ని. మనిషి మీద కోపమైతే యాంగ్రీ విత్, విషయం మీదైతే యాంగ్రీ అబౌట్. క్షమాపణ ఒకరికి, టు. ఒక తప్పుకి, ఫర్. డిస్కస్ తర్వాత అబౌట్ అక్కర్లేదు. కజిన్ బ్రదర్, కో బ్రదర్ మన దగ్గర చెల్లుతాయి, బయటి దేశం కస్టమర్లకి అర్థం కావు.

ఇక ఆ రెండు వేల మాటల పుస్తకం పక్కన పెట్టించండి. రోజూ ఒక సంఘటన, మీ కొట్లో జరిగిందే, తీసుకోమనండి. చీర రంగు పోయిందని ఎవరో తెచ్చి పడేస్తారు, అప్పు అడిగితే ఒకాయన మొహం మాడ్చుకుంటాడు. మీరు వాళ్లకి ఎలా సర్ది చెప్పారో ఐదు వాక్యాల ఇంగ్లీషులో ఫోన్లో రికార్డు చేసి మళ్లీ వినమనండి. మాట దగ్గర అనుమానం వస్తే కేంబ్రిడ్జ్ డిక్షనరీ, ఆక్స్‌ఫర్డ్ లెర్నర్స్ డిక్షనరీ నెట్లో ఉచితంగానే ఉన్నాయి. మాట మర్యాదగా వాడేదా, స్నేహితుల మధ్య వాడేదా అన్నది కూడా రాస్తారు, ఎలా పలకాలో వినిపిస్తారు. మీ ఊళ్లో మాస్టారుగా పనిచేసిన గిడుగు రామమూర్తి గారు సవర భాష నేర్చుకోవాలనుకున్నప్పుడు ఆ భాషకి పుస్తకాల్లేవు. సవరవాళ్ల నోటి నుంచి విని నేర్చుకున్నారు, తర్వాత నిఘంటువు కూడా తయారుచేశారు. మాటని అది పుట్టే చోట పట్టుకోవడమంటే అదే.

ఒడియా మీడియం లోటని దయచేసి ఇంట్లో అనకండి. ఫోన్లో విన్నాను, తను తెలుగు నుంచి ఒడియాకి తడుముకోకుండా మారిపోతుంది, హిందీ కూడా వచ్చు. కస్టమర్ సపోర్టులో ప్రాంతీయ భాషలు వచ్చినవాళ్లని ప్రత్యేకంగా తీసుకుంటారు. రెజ్యూమెలో తెలుగు, ఒడియా అని రాసి ఊరుకోకుండా, ఏది మాట్లాడగలదో, ఏది చదవడం రాయడం కూడా వచ్చో విడివిడిగా రాయమనండి. తెలుగు రాయడం రాదట. ఇంట్లో మీరున్నారు కదా, అక్షరాలు దిద్దించండి.

రెండు నెలలు ఇలా చేశాక కూడా ఎదుటి మనిషిని చూసి నోరు పెగలడం లేదనిపిస్తే అప్పుడు కోర్సు సంగతి మాట్లాడుకుందాం. ఈలోగా ఆ చీర రంగు కథ రికార్డు చేసి నాకు పంపమనండి, విని చెబుతాను.