మైక్రోబయాలజీ అమ్మాయి, అంటువ్యాధుల ఉద్యోగం: పంపవచ్చా?

ప్రశ్న: మాది ఏలూరు. మా అమ్మాయి బీఎస్సీ మైక్రోబయాలజీ ఆఖరి సంవత్సరంలో ఉంది. ఎంపీహెచ్ (ప్రజారోగ్యంలో పీజీ) చదివి అంటువ్యాధుల నియంత్రణలో పనిచేస్తానంటోంది. కోవిడ్ తగ్గాక ఆ ఉద్యోగాలన్నీ తీసేశారని మా బంధువుల మాట. ప్రమాదం కదా అని మా ఆవిడ భయం. ఏం చేయమంటారు?

జవాబు: మీ బంధువులు చెప్పింది సగం నిజం. కోవిడ్ కోసం తాత్కాలికంగా తీసుకున్న చాలామందిని పని తగ్గగానే పంపేశారు. కానీ జిల్లాల్లోని వ్యాధుల నిఘా యూనిట్లు కోవిడ్‌తో పుట్టినవి కావు. 2004లో మొదలైన ఐడీఎస్పీ (కేంద్రం నడిపే సమగ్ర వ్యాధి నిఘా కార్యక్రమం) కింద వచ్చినవి, ఇప్పటికీ నడుస్తున్నాయి. అక్కడ ఎపిడెమియాలజిస్టు (జబ్బు ఎవరికి, ఎక్కడ, ఎందుకు వస్తోందో తేల్చేవాళ్ళు), మైక్రోబయాలజిస్టు, డేటా మేనేజర్ లాంటి పోస్టులు ఎక్కువగా కాంట్రాక్టువే. ‘గవర్నమెంటు ఉద్యోగం’ అని చుట్టాలకు చెప్పుకోవడానికైతే పంపకండి.

ఇక పని సంగతి. మీ అమ్మాయి మనసులో మైక్రోస్కోపు, తెల్లటి సూటు ఉండి ఉంటాయి. నిజానికి ఇందులో సగం రోజు లెక్కలతోనే పోతుంది. ఏఎన్ఎం లక్షణాలను బట్టి ఎస్ ఫారం నింపుతుంది, డాక్టరు అనుమానిత జబ్బును పీ ఫారంలో రాస్తారు, ల్యాబు నిర్ధారణను ఎల్ ఫారంలో ఇస్తుంది. 2021 నుంచి ఇదంతా ఐహెచ్ఐపీ అనే కేంద్ర ఆరోగ్య సమాచార పోర్టల్లోకి ఎక్కుతోంది. ఆ అంకెల్లో ఎక్కడ తేడా కనబడిందో పట్టుకుని, ఆ ఊరు వెళ్ళి చూడటమే అసలు పని.

ఒక ఊహా ఉదాహరణ చూపిస్తాను. అమ్మాయికీ చూపించండి. హాస్టల్లో ఆదివారం మధ్యాహ్నం 120 మంది భోంచేశారు. రాత్రి నుంచి 44 మందికి వాంతులు, విరేచనాలు. ముందు ఎవరిని రోగిగా లెక్కపెట్టాలో రాసుకోవాలి: ‘ఆ భోజనం తర్వాత 48 గంటల్లోపు వాంతులు గానీ, రోజులో 3 అంతకుమించి నీళ్ళ విరేచనాలు గానీ అయినవాళ్ళు’. తర్వాత లైన్ లిస్టు, అంటే మనిషికో వరుస చొప్పున పట్టిక: పేరు, వయసు, గది, లక్షణాలు మొదలైన గంట, ఏమేం తిన్నారు. కొత్తవాళ్ళు తప్పు చేసేది ఇక్కడే, జబ్బుపడ్డవాళ్ళను మాత్రమే అడిగి వచ్చేస్తారు. 44కి 44 మందీ సాంబారు తిన్నారు, గుడ్డు కూర తిన్నది 40 మందే, కాబట్టి తప్పు సాంబారుదే అని తేల్చేస్తారు. బాగున్నవాళ్ళనూ అడిగితే కథ మారిపోతుంది. సాంబారు 120 మందీ తిన్నారు. గుడ్డు కూర తిన్న 80 మందిలో 40 మందికి, అంటే 50 శాతానికి జబ్బు. తినని 40 మందిలో నలుగురికే, 10 శాతం. అయిదు రెట్ల తేడా. అనుమానం కూర మీదికి మళ్ళింది.

పేర్ల గోల వేరే. ఒకే వెంకటేశ్వర్లును ఆసుపత్రిలో ఒక స్పెల్లింగుతో, ల్యాబులో మరో స్పెల్లింగుతో రాస్తే లిస్టులో ఇద్దరవుతారు. అందుకే ప్రతి రోగికీ ఒక నంబరిచ్చి, శాంపిల్ డబ్బా మీద కూడా అదే రాయాలి. కలరా అనుమానముంటే యాంటీబయాటిక్ వేయకముందే శాంపిల్ తీసి క్యారీ-బ్లెయిర్ మీడియంలో (ల్యాబుకు చేరేదాకా క్రిమిని బతికించి ఉంచే పదార్థం) పెట్టాలి. మందు పడ్డాక తీస్తే క్రిమి దొరక్కపోవచ్చు. ‘నెగెటివ్’ చూసి కలరా కాదనుకుంటాం.

మీది ఏలూరు కాబట్టి 2020 డిసెంబరు మీకు గుర్తుండే ఉంటుంది. జనం మూర్ఛలొచ్చి పడిపోయారు. వైరసేమోనని అందరూ హడలిపోయారు. అది మనిషి నుంచి మనిషికి పాకలేదు. ఎయిమ్స్ పరీక్షల్లో రోగుల రక్తంలో సీసం, నికెల్ కనబడ్డాయి, పురుగుమందుల మీదా అనుమానాలు వచ్చాయి. అంటువ్యాధి కాదని తేల్చడం కూడా ఈ ఉద్యోగంలో భాగమే. అలాంటప్పుడు మైక్రోబయాలజీ ఒక్కటే సరిపోదు. నీళ్ళు, కూరగాయలు, పాలు అన్నీ చూడాలి.

చదువు విషయంలో నా సలహా కాస్త నిదానంగా ఉంటుంది. బీఎస్సీ తర్వాత నేరుగా ఎంపీహెచ్ వద్దు. ఎపిడెమియాలజిస్టు పోస్టులకు మొదటి ప్రాధాన్యం డాక్టర్లకే. మిగతావాళ్ళను తీసుకునేచోట లైఫ్ సైన్సెస్‌లో ఎమ్మెస్సీతో పాటు ఎంపీహెచ్ అడిగే నోటిఫికేషన్లున్నాయి, బీఎస్సీ పైన ఎంపీహెచ్ ఉన్నవాళ్ళు అక్కడే ఆగిపోతారు. ముందు ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చేయనివ్వండి. తర్వాత ఏడాది రెండేళ్ళు మెడికల్ కాలేజీల్లోని వైరస్ పరీక్షల ల్యాబుల్లోనో, పరిశోధన ప్రాజెక్టులోనో పనిచేస్తే ఈ పని తనకు నప్పుతుందో లేదో తనకే తెలుస్తుంది. అప్పుడు ఎంపీహెచ్. హైదరాబాదులో సెంట్రల్ యూనివర్సిటీ ఉంది, ఐఐపీహెచ్ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్) ఉంది. ఎక్కడైనా ఫీజు కట్టేముందు రెండే అడగండి: ఫీల్డులో ఎన్ని వారాలు ఉంచుతారు, బయోస్టాటిస్టిక్స్ (ఆరోగ్య గణాంకాలు) కంప్యూటర్ మీద చేయిస్తారా? రెండో దానికి నీళ్ళు నమిలితే వచ్చేయండి.

ఈలోగా ఎక్సెల్ గట్టిగా నేర్చుకోమనండి, ఆ తర్వాత ‘ఆర్’ (R) అనే గణాంకాల సాఫ్ట్‌వేర్. చెన్నైలోని ఐసీఎంఆర్-ఎన్ఐఈ (జాతీయ ఎపిడెమియాలజీ సంస్థ) వాళ్ళ పరిశోధన పద్ధతుల కోర్సు ఎన్పీటెల్ అనే ఆన్‌లైన్ పాఠాల వేదికలో వచ్చింది, అదీ చూడమనండి. కాంట్రాక్టు అయిపోయినా డేటా పని తెలిసినవాళ్ళకు క్లినికల్ రీసెర్చిలోనో, ఆసుపత్రుల ఇన్ఫెక్షన్ కంట్రోల్‌లోనో చోటు దొరుకుతుంది.

మీ ఆవిడ భయం అర్థం లేనిదేమీ కాదు. అయితే రక్షణ దుస్తులు వేసుకున్నప్పటి కంటే విప్పేటప్పుడే ముప్పు ఎక్కువ. గ్లవ్స్ ముందు తీసి, మాస్కు అన్నిటికన్నా ఆఖర్న తీయాలి, మధ్యలో చేతులు శుభ్రం చేసుకోవాలి. అలసిపోయి మాస్కు ముందు లాగేసేవాళ్ళే ఇబ్బందుల్లో పడతారు. ల్యాబులో రక్తం శాంపిళ్ళతో పని కాబట్టి హెపటైటిస్-బి టీకా కూడా కావాలి, దాని మూడు డోసులు పూర్తికావడానికి 6 నెలలు పడుతుంది. ఎమ్మెస్సీ సీటు కోసం ఆగకుండా మొదటి డోసు ఈ నెలే వేయించండి.