న్యూరాలజిస్టు దగ్గరకు వెళ్తున్న మేనల్లుడికి

కవిటి

చిరంజీవి మేనల్లుడికి అత్త ఆశీస్సులు.

విశాఖపట్నంలో న్యూరాలజిస్టుకు చూపించుకుంటున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. వేళ్లలో తిమ్మిర్లు, పిక్కల్లో కండరాలు అదరడం, ఉన్నట్టుండి కళ్లు తిరగడం... ఇన్ని నెలలు మాకెవరికీ చెప్పకుండా రాత్రుళ్లు ఫోన్‌లో జబ్బుల పేర్లు వెతుక్కుంటూ కూర్చున్నావట. కోపం వచ్చింది. ఎవరూ వెంటపడకుండా నీ అంతట నువ్వే వెళ్తున్నందుకు గర్వంగానూ ఉంది నాన్నా.

ఎప్పుడు మొదలైందో, ఎంతసేపు ఉంటోందో కాగితం మీద రాసుకుని వెళ్లు. బి12, థైరాయిడ్, షుగర్ పరీక్షలు రాస్తే చేయించు. బి12 తగ్గినా తిమ్మిర్లు వస్తాయి, దానికి మందుంది. డాక్టర్ సుత్తితో మోకాళ్ల మీద తట్టి, అరికాలు గీసి, నడిపించి చూస్తారు. ఎంఆర్ఐ కావాలో వద్దో దాన్నిబట్టే చెప్తారు. స్కాన్ రాయకపోతే నీ బాధను తేలిగ్గా తీసుకున్నారని అనుకోకు.

పాత చీటీలు మాత్రం ఒక్కటి కూడా వదలకు. మీ మావయ్యకు కాళ్లలో మంటలు, తిమ్మిర్లు మొదలైనప్పుడు ఇచ్ఛాపురంలో చూపించుకున్నారు, బరంపురం వెళ్లారు, తర్వాత విశాఖ. వెళ్లిన ప్రతిచోటా మళ్లీ మొదటి నుంచే. "పాతవి చూపిస్తే ఈయనా అదే రాస్తాడు, సొంతంగా ఆలోచించడు" అనేవారు. నేను నర్సు ఉద్యోగం చేస్తున్నా ఇంట్లో నా మాట చెల్లేది కాదు. ఒకరు రాసిన నొప్పి బిళ్లలే ఇంకొకరూ రాశారు. పైన పేర్లు వేరు, లోపల మందు ఒకటే. రెండూ వేసుకున్నారు. అవి చాలక షాపులో అడిగి తెచ్చుకున్నవి వేరే. కొబ్బరితోటలో పని, ఎండ, నీళ్లు సరిగా తాగేవారు కాదు. పాదాలు వాచాక రక్తపరీక్ష చేయిస్తే, కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే క్రియాటినిన్ అప్పటికే బాగా పెరిగిపోయింది. మన ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎందుకొస్తోందో ఇన్నేళ్ల పరిశోధనల తర్వాత కూడా పూర్తిగా తేలలేదు. కాబట్టి ఆ బిళ్లల వల్లే అని నేను అనను. అయినా చీటీలన్నీ ఒకే డాక్టర్ ముందు ఉంటే వాటినైనా ఆపించేవారు. డయాలసిస్‌కు తిరుగుతున్న రోజుల్లో మంచం కింద సంచిలో ఆ చీటీలు కనిపించాయి. తేదీల వరసలో మడతపెట్టి దాచుకున్నారు పాపం.

అందుకే చెప్తున్నా, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి బిళ్లలు నీ అంతట నువ్వు కొనుక్కుని వేసుకోకు. మాది ఉద్దానం అని డాక్టర్‌కు ముందే చెప్పి క్రియాటినిన్ పరీక్ష గురించి అడుగు. స్కాన్‌లో లోపలివి స్పష్టంగా కనిపించడానికి కాంట్రాస్ట్ ఇంజక్షన్ ఇస్తామన్నా, గాబాపెంటిన్ లాంటి నరాల మందులు రాసినా కిడ్నీల సంగతి తెలిసి ఉండాలి. నీకు ఇరవై మూడేళ్లే కదా అంటావు. అయినా నాకోసం అడుగు.

రిపోర్టులన్నీ బాగానే ఉన్నాయంటే అప్పుడూ నీకు ఏడుపొస్తుందేమో. "మరి నాకెందుకిలా ఉంది?" అనిపిస్తుంది. నువ్వు అబద్ధం చెప్తున్నావని దానర్థం కాదు. భయంతో గబగబా ఊపిరి పీలిస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి వేళ్లకు, పెదవులకు నిజంగానే తిమ్మిరెక్కుతుంది, తల తిరుగుతుంది. నరాలు దెబ్బతినకపోయినా వాటి పనితీరు తప్పే సమస్యలూ ఉన్నాయి. డాక్టర్లు ఫంక్షనల్ అంటారు. ఫిజియోథెరపీ, కౌన్సెలింగ్‌తో చాలామంది మెరుగుపడతారు. సైకియాట్రిస్టు దగ్గరకు పంపితే నామోషీ పడకు. అర్ధరాత్రి భయమేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌కు, 14416కు ఫోన్ చెయ్యి, తెలుగులోనే మాట్లాడతారు. మునివేళ్ల మీద నిలబడి బలం తగ్గిందా అని రోజూ పరీక్షించుకోవడం మానెయ్యి. ఎంత చూసుకుంటే అంత కనిపిస్తుంది.

కిడ్నీ జబ్బుకు కారణం తేలేదాకా మన ఊళ్లలో ఎవరూ బతకడం ఆపలేదు నాన్నా. రక్తపరీక్షలు చేయించుకుంటున్నారు, బీపీ చూపించుకుంటున్నారు, పెళ్లిళ్లు చేస్తున్నారు, తోటలు చూసుకుంటున్నారు. నువ్వూ ఆఫీసు మానకు, తిండి మానకు.

మూతి ఒక పక్కకు పోయినా, చెయ్యో కాలో పడిపోయినా, మాట తడబడినా, చూపు పోయినా, మూత్రం పట్టు తప్పినా ఫోన్‌లో వెతకడాలు లేవు, వెంటనే 108.

మళ్లీ రమ్మన్న రోజున అదే డాక్టర్ దగ్గరకు వెళ్లు. మధ్యలో ఎవరైనా ఇంకో డాక్టర్ పేరు చెబితే ముందు నాకు ఫోన్ చెయ్యి. సెలవు దొరికితే రిపోర్టులు పట్టుకుని సోంపేటలో దిగు, బండి వేసుకుని తమ్ముడు స్టేషన్‌కు వస్తాడు.

మీ అత్త